చైన్, స్ప్రాకెట్లు ఇంట్లోనే మార్చుకోవడం: దుమ్ము దారుల్లో తిరిగే బండి కోసం

కడప నుంచి ఎర్రగుంట్ల వైపు రోజూ బండి మీద పోయి వచ్చేవాళ్లకు దుమ్ము గురించి నేను చెప్పనక్కరలేదు. నాపరాళ్ల గనులు, సిమెంటు ఫ్యాక్టరీలు, థర్మల్ ప్లాంటు బూడిద మోసే లారీలు, అన్నీ ఆ దిక్కునే. సాయంత్రం ఇల్లు చేరేసరికి నల్ల ప్యాంటు తెల్లబడి ఉంటుంది. అదే పొడి చైన్ మీదా పడుతుంది. నూనెలో కలిసిన రాతిపొడి ఆకురాయిలా ఇనుమును తినేస్తుంది. బాగా చూసుకుంటే 25 వేల కిలోమీటర్ల దాకా వచ్చే చైన్ కిట్టు (చైన్, అది తిరిగే రెండు పళ్ల చక్రాలు, అంటే స్ప్రాకెట్లు), ఈ దారిలో నాకు మొదటిసారి 13 వేలకే అయిపోయింది.

ఇప్పటికి మూడు కిట్లు ఇంటి వసారాలోనే మార్చాను. నేను మెకానిక్‌ను కాను. ఈ పని నేర్చుకోవడానికి ఒక కారణం ఉంది. నాలుగేళ్ల కిందట ఒక షాపులో కొత్త చైన్ వేయించాను. పది రోజుల తరువాత నా భార్యను, పిల్లవాణ్ణి ఎక్కించుకుని రాయచోటికి పోతుంటే, ఘాటు రోడ్డులో చైన్ కవరు లోపల టక్ టక్ మని శబ్దం మొదలైంది. గువ్వలచెరువు కోవా అంగళ్ల దగ్గర బండి ఆపి, కవరుకున్న రబ్బరు మూత తీసి, చక్రం మెల్లగా తిప్పుతూ చూశాను. చైన్ రెండు కొనలను కలిపే లింకు మీది క్లిప్పు ఒక కాలు విరిగి వేలాడుతోంది. దాన్ని వెనకా ముందూ మార్చి బిగించారు. ఇంకో పది కిలోమీటర్లు పోయి ఉంటే లింకు ఊడేది. ఊడిన చైన్ ఇంజిన్ దగ్గర చుట్టుకుంటే వెనక చక్రం ఉన్నపళంగా బిగుసుకుపోతుంది. వెనక కూర్చున్నది నా ఇల్లు మొత్తం. ఆ రోజు నుంచి ఈ పని నా చేతులతోనే చేస్తున్నాను.

కింద చెప్పేది 100 నుంచి 150 సీసీ మామూలు బళ్లకు సరిపోతుంది. పెద్ద బళ్లకు రివెట్ చేసే చైన్లు ఉంటాయి, వాటికి వేరే పనిముట్టు కావాలి. అది లేకుండా ఆ పని మొదలుపెట్టవద్దు.

చైన్ అయిపోయిందని ఎలా తెలుస్తుంది

చైన్ సాగింది అంటాం కానీ ఇనుప పట్టీలు రబ్బరులా సాగవు. ప్రతి లింకులోనూ ఒక పిన్ను, దాని చుట్టూ ఒక బుష్షు ఉంటాయి. ఆ రెండూ ఒకదానికొకటి ఒరుసుకుని సన్నబడతాయి. ఒక్కో లింకులో వెంట్రుకవాసి అరిగినా, వందకు పైగా లింకులు కలిసేసరికి చైన్ వేలెడంత పొడవు పెరిగినట్టు కనిపిస్తుంది.

దీన్ని కొలిచి చూడవచ్చు. చిన్న బళ్లలో ఎక్కువగా ఉండేది 428 చైన్. అందులో మొదటి అంకె 4 అంటే పిన్నుకూ పిన్నుకూ మధ్య దూరం అంగుళంలో ఎనిమిదో వంతులు నాలుగు, అంటే అర అంగుళం, 12.7 మి.మీ. ఆ లెక్కన కొత్త చైన్‌లో 20 లింకుల పొడవు సరిగ్గా 254 మి.మీ. ఒక పిన్ను నడిమధ్య నుంచి మొదలుపెట్టి, దాన్ని సున్నా అనుకుని, ఇరవయ్యో పిన్ను నడిమధ్య దాకా టేపు పెట్టండి. గేరు వేసి చక్రాన్ని చేత్తో ముందుకు తోసి పట్టుకుంటే కింది వరస చైన్ బిగువుగా నిలుస్తుంది, అక్కడే కొలవండి. 256.5 దాటితే ఒక శాతం అరిగినట్టు, కొత్త కిట్టు కోసం డబ్బులు పక్కన పెట్టాలి. 259 వస్తే రెండు శాతం, ఇక ఆ చైన్‌తో దూరం పోవద్దు. రెండు మూడు చోట్ల కొలవండి, ఎందుకంటే చైన్ అంతటా ఒకేలా అరగదు.

టేపు లేకపోతే ఇంకో పరీక్ష ఉంది. పెద్ద స్ప్రాకెట్ వెనక చక్రానికి, చిన్నది ఇంజిన్ దగ్గర ఉంటాయి. పెద్ద స్ప్రాకెట్‌కు బాగా వెనక భాగంలో, గడియారంలో మూడు అంకె ఉండే చోట, చైన్‌ను వేళ్లతో పట్టి వెనక్కి లాగండి. మంచి చైన్ పళ్లకు అతుక్కుని కదలదు. అరిగినదైతే పైకి లేచి పన్ను సగం కనిపిస్తుంది. పళ్లను కూడా చూడండి. కొత్త పన్ను రెండు వైపులా సమంగా వాలి ఉంటుంది, అరిగిన పన్ను కొడవలి కొనలా ఒక పక్కకు వంగుతుంది. చిన్న స్ప్రాకెట్‌కు పళ్లు తక్కువ, ఒక్కో పన్ను మీద చైన్ ఎక్కువసార్లు పడుతుంది కాబట్టి అదే ముందు పోతుంది. అది కవరు లోపల దాగి ఉంటుంది, అందుకే చాలామంది పట్టించుకోరు.

డబ్బులు మిగులుతాయని చైన్ ఒక్కటే మార్చి పాత స్ప్రాకెట్లు ఉంచేవాళ్లను చూశాను. అరిగిన చైన్ తన సాగిన కొలతకు తగ్గట్టు పళ్లను చెక్కేసి ఉంటుంది. సరైన కొలత ఉన్న కొత్త చైన్ ఆ పళ్లలో కుదురుగా కూర్చోదు, బరువంతా రెండు మూడు పళ్ల మీదే పడుతుంది. రెండు మూడు నెలల్లో కొత్త చైన్ కూడా పాతదవుతుంది. చైన్, చిన్న స్ప్రాకెట్, పెద్ద స్ప్రాకెట్ మూడూ ఒకేసారి మార్చాలి. నా మటుకు ఇందులో బేరం లేదు.

కిట్టు కొనేటప్పుడు

కంపెనీ షోరూములో దొరికే కిట్టు తీసుకోవచ్చు. లేదంటే కోయంబత్తూరు ఎల్.జి. బాలకృష్ణన్ కంపెనీవారి రోలాన్, చెన్నై ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్ వారి డైమండ్, ఈ రెండూ ఏ స్పేర్ పార్ట్స్ అంగట్లోనైనా దొరుకుతాయి. బండి పేరు ఒక్కటే చెబితే చాలదు, తయారైన సంవత్సరం కూడా చెప్పండి. పేరు అదే ఉన్నా ఏడాదిని బట్టి పళ్ల సంఖ్య, స్ప్రాకెట్ బోల్టు రంధ్రాలు మారుతుంటాయి.

డబ్బా అంగట్లోనే విప్పి చూడండి. స్ప్రాకెట్ల మీద పళ్ల సంఖ్య, చైన్ పట్టీల మీద పేరు, సైజు చెక్కి ఉండాలి. కలిపే లింకు, క్లిప్పు చిన్న కవరులో విడిగా ఉంటాయి. అవి లేని డబ్బా తీసుకోవద్దు.

ముందు స్ప్రాకెట్ ఒక పన్ను పెంచితే మైలేజీ పెరుగుతుందని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. లెక్క చూడండి. ముందు 14, వెనక 42 పళ్లు ఉంటే నిష్పత్తి 3. ముందు 15 చేస్తే 2.8 అవుతుంది. చదును రోడ్డులో ఇంజిన్ కొంచెం నెమ్మదిగా తిరుగుతుంది, నిజమే. కానీ లాగుడు దాదాపు ఏడు శాతం తగ్గుతుంది. ఇద్దరు కూర్చుని ఘాటు ఎక్కేటప్పుడు గేరు దించాల్సి వస్తుంది, క్లచ్ మీద బరువు పడుతుంది. కంపెనీ ఇచ్చిన లెక్కను నేను మార్చను.

పనికి కూర్చునే ముందు

రింగ్ స్పానర్లు, సాకెట్ సెట్టు, 10 నంబరు టీ స్పానర్, నోస్ ప్లేయర్, సుత్తి, ఒక మందమైన స్క్రూ డ్రైవర్, టేపు, కొంచెం గ్రీజు, అర లీటరు డీజిల్, పాత టూత్ బ్రష్, నాలుగు పాత బనియన్లు. వెనక ఇరుసు నట్టు సైజు బండిని బట్టి మారుతుంది. ముందు రోజే స్పానర్ పెట్టి చూసుకోండి. పని మధ్యలో స్పానర్ కోసం పరుగెత్తడానికి బండే ఉండదు కదా.

ఎండాకాలమైతే పొద్దున ఆరింటికే మొదలుపెట్టండి. పది దాటాక మా కడప బండల మీద కూర్చోలేం. బండ నున్నగా ఉంటుంది కాబట్టి స్టాండు కింద తడిపిన గోనెసంచి పరచాలి, బండి జారదు, చిన్న నట్లు దొర్లిపోవు. సెంటర్ స్టాండు వేశాక ముందు బ్రేక్ లివర్‌ను పాత ట్యూబు ముక్కతో బిగించి కట్టేస్తే బండి ముందుకు దొర్లి స్టాండు మడుచుకోదు. ఇంజిన్ చల్లగా ఉండాలి. తాళం చెవి తీసి జేబులో వేసుకోండి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇంజిన్ నడుస్తూ, గేరులో చక్రం తిరుగుతుంటే చైన్‌కు గుడ్డ పెట్టి తుడవడం, నూనె పోయడం చాలామందికి అలవాటు. గుడ్డ చిక్కుకుంటే చెయ్యి కూడా స్ప్రాకెట్‌లోకి పోతుంది. వేళ్లు తెగిపోతాయి. చైన్ దగ్గర చెయ్యి ఉన్నంతసేపూ ఇంజిన్ ఆగి ఉండాలి, చక్రాన్ని రెండో చేత్తోనే తిప్పాలి.

విప్పే ప్రతి దశలోనూ ఫోన్‌తో ఫోటో తీయండి. ముఖ్యంగా ఇరుసు తీసేటప్పుడు. ఏ బుష్షు ఏ పక్కన ఉందో సాయంత్రానికి ఎవరికీ గుర్తుండదు.

చైన్ ఉండగానే వదులు చేయవలసినవి

మొదటిసారి నేను పడిన కష్టం ఇక్కడే. చైన్ ముందే తీసేశాను. తరువాత చిన్న స్ప్రాకెట్ బోల్టులు తిప్పబోతే స్ప్రాకెట్ కూడా వాటితోపాటు తిరిగింది. దాన్ని పట్టుకోవడానికి ఏ ఆధారమూ లేదు.

కాబట్టి ముందు గేరు లివర్ తీయండి. తీసే ముందు లివర్ చీలిక ఎక్కడ ఉందో షాఫ్టు మీద పెయింటు చుక్క పెట్టుకోవాలి. తరువాత చిన్న స్ప్రాకెట్ కవరు బోల్టులు విప్పండి. లోపల నూనె, దుమ్ము కలిసి గట్టిపడిన నల్లటి ముద్ద పిడికెడు ఉంటుంది. స్క్రూ డ్రైవర్‌తో గీకి, డీజిల్, బ్రష్‌తో కడగండి. కడిగాక షాఫ్టు చుట్టూ ఉన్న ఆయిల్ సీలు దగ్గర తడి మళ్లీ కనిపిస్తుందేమో కాసేపు ఆగి చూడండి. సీలు కారుతుంటే ఇప్పుడే మార్చడం మేలు, దానికి మళ్లీ ఇదంతా విప్పాల్సిన పని ఉండదు.

ఇప్పుడు బండిని గేరులో పెట్టి, ఒకరిని వెనక బ్రేకు తొక్కి పట్టుకోమని, స్ప్రాకెట్ బోల్టులను కొద్దిగా వదులు చేయండి, పూర్తిగా విప్పవద్దు. చాలా 100 సీసీ బళ్లలో రెండు చిన్న బోల్టులతో ఒక పట్టీ ఉంటుంది. కొన్నిట్లో సర్‌క్లిప్ (గాడిలో కూర్చునే స్ప్రింగు రింగు) ఉంటుంది. ఇంకొన్నిట్లో ఒకే పెద్ద నట్టు, దాని కింద చెవి మడిచిన వాషరు. అలాంటి వాషరైతే ముందు ఆ చెవిని ఉలితోనో స్క్రూ డ్రైవర్‌తోనో నిటారుగా లేపాలి. అదే ఊపులో వెనక ఇరుసు నట్టు కూడా వదులు చేసేయండి.

పాత చైన్ తీయడం

చైన్ కవరు పైదీ కిందదీ రెండు ముక్కలు, మూడు నాలుగు బోల్టులు. రెండూ తీసి డీజిల్‌తో కడిగి ఎండలో పెట్టండి.

చక్రం తిప్పుతూ క్లిప్పు ఉన్న లింకును వెతకండి. అది పెద్ద స్ప్రాకెట్ పళ్ల మీదికి వచ్చేలా ఆపాలి. క్లిప్పు చేప ఆకారంలో ఉంటుంది, ఒక కొన మూసి, ఒక కొన తెరిచి. నోస్ ప్లేయర్ ఒక దవడను తెరిచిన కొనల మీద, రెండో దవడను అక్కడి పిన్ను మీద ఆనించి నొక్కితే క్లిప్పు మూసిన కొన వైపు జరిగి ఊడుతుంది. మొహం కొంచెం దూరంగా పెట్టుకోండి, ఒక్కోసారి ఎగిరి పడుతుంది. పై పట్టీ, లింకు తీసి చైన్ లాగేయండి.

పాత చైన్‌ను పక్కన పడేయకుండా కొత్తదాని పక్కనే నేల మీద పరిచి లింకులు లెక్కపెట్టండి. పొడవు చూసి పోల్చవద్దు, పాతది సాగి ఉంటుంది కదా. లింకుల సంఖ్య సమానంగా ఉందంటే మీరు కొన్నది సరైన కిట్టే.

చిన్న స్ప్రాకెట్

బోల్టులు పూర్తిగా తీసి, పట్టీని కొద్దిగా తిప్పితే గాడిలో నుంచి జారి బయటికి వస్తుంది. స్ప్రాకెట్‌ను చేత్తో లాగండి. రాకపోతే వెనక నుంచి స్క్రూ డ్రైవర్‌తో మెల్లగా ఆనించి కదిలించాలి. సుత్తితో షాఫ్టు మీద కొట్టవద్దు, లోపల బేరింగు ఉంది. షాఫ్టు గాళ్లు తుడిచి, పలచగా గ్రీజు రాసి కొత్తది ఎక్కించండి. స్ప్రాకెట్‌కు ఒక పక్క ఎత్తుగా ఉంటే అది పాతది ఏ దిక్కున ఉందో చూసి అలాగే పెట్టాలి. తిరగేసి పెడితే చైన్ వరస రెండు మూడు మిల్లీమీటర్లు తప్పుతుంది. చిన్న బోల్టులు ఇప్పుడు చేతి బిగువు వరకే, గట్టి బిగింపు చైన్ ఎక్కాక.

వెనక చక్రం, పెద్ద స్ప్రాకెట్

డ్రమ్ము బ్రేకు అయితే బ్రేకు రాడ్డు నట్టు విప్పి, స్ప్రింగు, రాడ్డు విడదీయాలి. బ్రేకు ప్లేటును పట్టి ఉంచే టార్క్ రాడ్డు నట్టుకు స్ప్లిట్ పిన్ను ఉంటుంది. అది తీసేటప్పుడే విరిగిపోతుంది, కొత్త పిన్ను ఒకటి ముందే కొని పెట్టుకోండి. ఇరుసు నట్టు తీసి ఇరుసును లాగితే చక్రం కిందికి వస్తుంది.

కొన్ని బళ్లలో పెద్ద స్ప్రాకెట్ చక్రంతోపాటే వస్తుంది. కొన్నిట్లో స్ప్రాకెట్ బిగించిన హబ్బు వేరే నట్టుతో, వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్ ఆర్మ్‌కే ఉండిపోతుంది. రెండో రకమైతే ఆ నట్టు కూడా తీసి హబ్బును విడదీయాలి.

హబ్బు విడదీశాక లోపలి రబ్బర్లు తప్పకుండా చూడండి. యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడు, వదిలినప్పుడు చైన్ మీద పడే కుదుపును తినేవి ఇవే. హబ్బును మళ్లీ పెట్టి ముందుకు వెనక్కి తిప్పితే లూజుగా ఆడుతుంటే రబ్బర్లు చచ్చిపోయినట్టు. వాటితో కొత్త చైన్ వేస్తే గేరు మార్చిన ప్రతిసారీ కొత్త పళ్ల మీద దెబ్బ పడుతుంది. కిట్టు ఖరీదు ముందు రబ్బర్ల ఖరీదు ఎంతో కాదు. చక్రం బేరింగులోకి వేలు పెట్టి తిప్పి చూడండి, గరగరలాడితే అదీ ఇప్పుడే మార్చాలి.

స్ప్రాకెట్ నట్లకు కూడా చెవులు మడిచిన వాషర్లు ఉండవచ్చు. చెవి లేపి, నట్టు విప్పి, స్ప్రాకెట్ మార్చి, అది కూర్చునే చోట తుప్పు, మట్టి లేకుండా తుడిచి బిగించండి. ఒక నట్టు తరువాత పక్కది కాకుండా ఎదురుగా ఉన్నది బిగించాలి. అప్పుడే స్ప్రాకెట్ వంకర లేకుండా కూర్చుంటుంది. వాషరు చెవులు మళ్లీ మడవడం మరవద్దు. పాత వాషరు చెవి చీలి ఉంటే కొత్తది వేయండి.

కొత్త చైన్ ఎక్కించడం, క్లిప్పు దిక్కు

చక్రం ఎక్కించి ఇరుసు నట్టును వేళ్లతో తిప్పి వదిలేయండి. రెండు పక్కల చైన్ అడ్జస్టర్లను బాగా వదులు చేసి చక్రాన్ని వీలైనంత ముందుకు తోయాలి. కొత్త చైన్ పొట్టిగా ఉంటుంది, పాత స్థానంలో చక్రం ఉంటే అందదు.

గేరు న్యూట్రల్‌లో పెట్టి, చైన్‌ను చిన్న స్ప్రాకెట్ మీదుగా తిప్పి, రెండు కొనలనూ పెద్ద స్ప్రాకెట్ పళ్ల మీదే కలపండి. పళ్లే కొనలను పట్టుకుంటాయి, చేతులు ఖాళీగా ఉంటాయి. లింకును లోపలి పక్క నుంచి బయటికి దూర్చి, పై పట్టీ పెట్టి, పిన్నుల గాళ్లు పూర్తిగా కనిపించేదాకా నొక్కండి.

ఇప్పుడు క్లిప్పు. చైన్ కదిలే దిక్కుకు క్లిప్పు మూసిన కొన ఉండాలి. బండి ముందుకు పోయేటప్పుడు పై వరస చైన్ వెనక నుంచి ముందుకు, కింది వరస ముందు నుంచి వెనక్కి కదులుతుంది. కాబట్టి లింకు పై వరసలో ఉంటే మూసిన కొన బండి హెడ్‌లైటు వైపు చూడాలి. చేప తల ముందు, తోక వెనక. మా మేనల్లుడికి అలాగే చెప్పాను, వాడు ఇప్పటికీ మరిచిపోలేదు. దారిలో పుల్లో, రాయో, కవరు అంచో తగిలినా మూసిన కొన మీదుగా జారిపోతుంది. తెరిచిన కొన ముందుంటే అదే దెబ్బకు క్లిప్పు ఊడి వస్తుంది. నా బండికి ఘాటులో జరిగింది అదే.

క్లిప్పును రెండు పిన్నుల గాళ్లలో కూర్చోబెట్టి, ప్లేయర్ ఒక దవడ మూసిన కొనకు, ఒకటి తెరిచిన కొన దగ్గరి పిన్నుకు ఆనించి నొక్కితే టిక్ మని పడుతుంది. గోరుతో లాగి చూడండి. రెండు కాళ్లూ గాడిలో ఉన్నాయని కళ్లతో చూసి, ఫోటో తీసి పెట్టుకోండి. పాత క్లిప్పును మళ్లీ వాడనే వద్దు, దాని స్ప్రింగు బలం పోయి ఉంటుంది.

ఇప్పుడు గేరు వేసి, బ్రేకు రాడ్డు తాత్కాలికంగా తగిలించి బ్రేకు తొక్కించి, చిన్న స్ప్రాకెట్ బోల్టులు బిగించండి. అవి చిన్న బోల్టులు, మీ బలమంతా పెడితే తెగుతాయి. టార్క్ రెంచి (బిగింపును కొలిచే స్పానర్) ఉంటే కంపెనీ పుస్తకంలో రాసిన బిగింపు వరకే.

బిగువు, వరస: అసలు పని ఇదే

విప్పడం, బిగించడం ఎవరైనా చేస్తారు. కిట్టు ఎన్ని వేల కిలోమీటర్లు వస్తుందో తేలేది ఈ అరగంటలోనే. తొందర పడవద్దు.

చక్రం మెల్లగా పూర్తిగా తిప్పుతూ కింది వరస మధ్యలో చైన్‌ను వేలితో పైకీ కిందికీ కదపండి. ఒక చోట ఎక్కువ బిగువుగా ఉంటుంది. కొలవాల్సింది ఆ చోటే. అక్కడ స్కేలు నిలబెట్టి, చైన్ బాగా కిందికి లాగినప్పుడు ఎంత, పైకి తోసినప్పుడు ఎంత, ఆ తేడా చూడాలి. చిన్న బళ్లలో ఎక్కువగా 20 నుంచి 30 మి.మీ. ఉంటుంది. మీ బండికి ఎంతో కంపెనీ పుస్తకంలోనో, స్వింగ్ ఆర్మ్ మీది స్టిక్కరులోనో చూసి అదే పెట్టండి.

మా మేనల్లుడు అడిగాడు: "మామా, చైన్ టైటుగా ఉంటేనే మంచిది కదా, ఊడకుండా ఉంటుంది?"

"కాదు రా. బండి సెంటర్ స్టాండు మీద ఉంటే చక్రం కిందికి వేలాడుతోంది. మనం కూర్చుంటే చక్రం పైకి వస్తుంది. చిన్న స్ప్రాకెట్, స్వింగ్ ఆర్మ్ కీలు, వెనక ఇరుసు మూడూ ఒకే గీత మీదికి వచ్చినప్పుడు వాటి మధ్య దూరం అన్నిటికంటే ఎక్కువ. ఇక్కడే టైటుగా పెట్టేస్తే అక్కడ చైన్‌కు చోటే ఉండదు."

మా ఊళ్లలో బండి మీద పోయేది మనుషులొక్కరే కాదు. 45 కిలోల యూరియా బస్తా, పాల క్యాన్లు, ముగ్గురు పిల్లలు. అంత బరువుతో గుంతలో పడ్డ ప్రతిసారీ బిగిసిన చైన్ గేరుబాక్సు షాఫ్టు బేరింగును, చక్రం బేరింగును లాగుతుంది. ఒక పక్క మొగ్గాలంటే లూజు వైపు మొగ్గండి. ఇచ్చిన కొలతలో ఎక్కువ అంకె దగ్గర పెట్టడం నాకు అలవాటు. అంతకు మించి వదిలితే మాత్రం చైన్ కవరుకు కొట్టుకుని, చివరికి పన్ను దాటి ఊడుతుంది.

వరస అంటే ముందు స్ప్రాకెట్, వెనక స్ప్రాకెట్ ఒకే గీతలో ఉండటం. స్వింగ్ ఆర్మ్ మీద రెండు పక్కలా గీతలు ఉంటాయి, అడ్జస్టర్ గుర్తు రెండు వైపులా ఒకే గీత దగ్గర ఉండాలి. అడ్జస్టర్ నట్టు ఒక పక్క పావు చుట్టు తిప్పితే రెండో పక్క కూడా పావు చుట్టే. పాత బండి గీతలను నేను పూర్తిగా నమ్మను. టేపుతో స్వింగ్ ఆర్మ్ కీలు బోల్టు మధ్య నుంచి ఇరుసు మధ్య వరకు రెండు పక్కలా కొలుస్తాను. ఒక మిల్లీమీటరు తేడా ఉన్నా సరిచేస్తాను. చివరగా వెనక కూర్చుని, పెద్ద స్ప్రాకెట్ మీద నుంచి కన్ను పెట్టి చైన్ పై వరస చూడండి, దారం లాగినట్టు తిన్నగా పోవాలి. వరస తప్పితే స్ప్రాకెట్ పళ్ల ఒక పక్క మాత్రమే మెరుస్తూ అరుగుతుంది. పాత స్ప్రాకెట్ తీసి చూడండి, అలాంటి మెరుపు ఉంటే ఇన్నాళ్లూ వరస తప్పే నడిచిందని అర్థం.

ఇరుసు నట్టు బిగించేటప్పుడు చక్రం కొద్దిగా జరిగి లెక్క మారుతుంది. దీనికి మంచి ఉపాయం: మడిచిన గుడ్డను కింది వరసలో చైన్‌కూ పెద్ద స్ప్రాకెట్‌కూ మధ్య పెట్టి, చక్రాన్ని చేత్తో ముందుకు తిప్పండి. గుడ్డ నలిగి చక్రాన్ని ముందుకు లాగి అడ్జస్టర్లకు గట్టిగా ఆనిస్తుంది. వేళ్లు దూరంగా పెట్టుకోండి. అలాగే పట్టి నట్టు బిగించి, గుడ్డ తీసి, బిగువు మళ్లీ కొలవండి. నాకు ప్రతిసారీ రెండు మూడు సార్లు మళ్లీ చేయాల్సి వస్తుంది.

తరువాత టార్క్ రాడ్డు నట్టు, కొత్త స్ప్లిట్ పిన్ను, బ్రేకు రాడ్డు. చక్రం జరిగింది కాబట్టి బ్రేకు పెడల్ ఆట కూడా మారుతుంది. పెడల్ 20 నుంచి 30 మి.మీ. కదిలాక బ్రేకు పట్టాలి, వెనక లైటు అప్పుడే వెలగాలి. టార్క్ రాడ్డు మరిచిపోయి బండి తీస్తే మొదటి బ్రేకుకే బ్రేకు ప్లేటు తిరిగిపోతుంది, అందుకే దాన్ని రెండోసారి కూడా చేత్తో తడిమి చూడండి.

చైన్ కవరు, స్ప్రాకెట్ కవరు, గేరు లివర్ పెయింటు చుక్కకు సరిగ్గా. ముందు బ్రేకుకు కట్టిన ట్యూబు విప్పండి. వీధిలో రెండు మూడు చుట్లు నెమ్మదిగా తిరిగి వచ్చి, అన్ని నట్లూ ఒకసారి స్పానర్ పెట్టి చూడండి.

ఆ తరువాత

కొత్త చైన్ మొదట్లో కొంచెం సర్దుకుంటుంది. 50 కిలోమీటర్లకు ఒకసారి, 500కు మరోసారి బిగువు చూసి సరిచేయాలి. ఆ తరువాత మామూలే.

నూనె సంగతి. 90 నంబరు గేరాయిల్ పలచగా, లింకుల మధ్య పడేలా, లోపలి వరస మీద చుక్కలు చుక్కలుగా వేసి చక్రం తిప్పండి. రాత్రంతా వదిలేసి పొద్దున పైన ఉన్నదంతా పొడి గుడ్డతో తుడిచేయాలి. నూనె ఉండాల్సింది పిన్ను, బుష్షుల మధ్య. పట్టీల పైన మిగిలింది దుమ్మును పట్టుకోవడానికి తప్ప దేనికీ పనికిరాదు. గ్రీజు పైపైన పూయడం కూడా అంతే. ఇంజిన్ మార్చినప్పుడు వచ్చే నల్ల నూనె అసలు వద్దు, అందులో మసి, ఇనుప రజను ఉంటాయి. లింకుల్లో రబ్బరు రింగులు ఉండే ఓ రింగు చైన్ అయితే పెట్రోలు, ఇనుప బ్రష్ తగలనివ్వకూడదు, రబ్బరు రింగులు పాడవుతాయి.

ఎర్రగుంట్ల దారిలో తిరిగినన్నాళ్లు 500 కిలోమీటర్లకోసారి తుడిచి నూనె వేశాను, వానకాలంలో బురదలో పోయి వచ్చిన రోజైతే అదే రాత్రి. 13 వేలకు అయిపోయిన దారిలోనే రెండో కిట్టు 22 వేలు వచ్చింది.

పాత స్ప్రాకెట్లు, చైన్ పాత ఇనుము వాళ్లకు వేసేయండి, అత్యవసరానికి ఉంటుందని దాచుకుంటే ఎప్పుడో ఎవరో మళ్లీ బండికి ఎక్కిస్తారు. ఆ రోజు కిలోమీటర్ల అంకెను సైడ్ కవరు లోపలి పక్క పెయింటుతో రాసి పెట్టండి. నా బండికి అక్కడ మూడు అంకెలు ఉన్నాయి, చివరిది 48,310.